మాల్టాలో రెండు గదులు

ఇంజెక్షన్ ఇవ్వడానికి గదిలోకి వచ్చిన త్రేసమ్మకు, రోగి మంచం చివర కూర్చుని వానకు తడిసిన తల తుడుచుకుంటున్న ఒక యువకుడు కనిపించాడు. తుడుచుకుంటున్నది రోగి తువ్వాలుతో.

“ఎవరు మీరు?”

“పౌల్‌రాజునండి. వెల్డర్ని.”

“వెల్డర్‌తో ఫాదర్‌గారికి ఏటి పని?”

“ఫాదర్‌గారికి నాతో పని లేదు సిస్టర్. నాకే ఆయనతో పని.”

“మలేరియా మనిషితో ఎవరికీ పని ఉండకూడదు. బైటికి నడవండి.”

“బైట వాన పడతంది.”

“పడనీండి. ఎలాగూ తడిసే ఉన్నారు.”

అతను తువ్వాలు మడతపెట్టి మంచం మీద ఉంచి, వరండాలోకి వెళ్లాడు. అక్కణ్ణించి కిటికీలో తలపెట్టి, “ఫాదర్, ఓడల బాత్ రేపు మాటాడుకుందాం” అన్నాడు.

అది అరవై ఆరో సంవత్సరం వానాకాలం. ఫాదర్ కార్మెలో మాల్టా ద్వీపం మనిషి. దుమ్కా వైపు సంతాల్ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగి, జ్వరంతో నీరసించి, విశ్రాంతికి జంషెడ్‌పూర్ వచ్చి చర్చి పక్కగదిలో ఉంటున్నాడు. ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు త్రేసమ్మ డ్యూటీ దిగాక ఆయన్ని చూసి ఇంటికి వెళ్లేది. పౌల్‌రాజు ఖర్కై నది అవతల ఆదిత్యపూర్‌లో ఒక రేకుల షెడ్డులో ఇనప గేట్లకూ తోపుడుబళ్లకూ అతుకులేసేవాడు. మాల్టాలో ఓడల్ని బాగుచేసే పెద్ద రేవు ఉందని ఎవరో చెప్పిన దగ్గర్నించీ అతనికి వేరే ధ్యాస లేదు.

మర్నాడు కూడా వచ్చాడు. ఈసారి తువ్వాలు సొంతది.

“ఓడనెప్పుడైనా చూశారా?” అని అడిగింది త్రేసమ్మ, సూదిలోకి మందు ఎక్కిస్తూ.

“క్యాలెండర్లో చూశానండి.”

“క్యాలెండర్లో చూసి ఓడకి వెల్డింగ్ చేసేత్తారా?”

“మీరు జబ్బులన్నీ పడే వైద్యం చేత్తన్నారా సిస్టర్?”

ఫాదర్ దుప్పట్లోంచి నవ్వాడు. ఆ రోజు ఆయనకు సూది కొంచెం గట్టిగానే దిగింది.

నిజానికి మాల్టా పేరు త్రేసమ్మ చెవిన కూడా అప్పటికే పడింది. ఫాదర్ బంధువైన ఒక కన్యస్త్రీ అక్కడ వృద్ధాశ్రమం నడుపుతోందని, కుర్రవాళ్లంతా ఆస్ట్రేలియాకు వలసపోతుంటే నర్సులు దొరక్క ఇబ్బంది పడుతోందని ఆయనే మాటల్లో అన్నాడు. త్రేసమ్మ ఇంటికి వెళ్లి ఆలోచించింది.

ఆలోచించడానికి కారణం ఉంది. తండ్రి ఆరోగ్యస్వామి కార్ఖానాలో క్రేన్ నడిపేవాడు. క్రిస్మస్‌కు రిటైరవుతున్నాడు. దాంతో కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అమ్మా నాన్నా ఆ ఊళ్లోనే బారిడీహ్‌లో ఉన్న కొడుకు ఇంటికి వెళ్తారు. అక్కడ త్రేసమ్మకు పిల్లలు పడుకునే గదిలో మంచం పట్టే చోటు ఉంటుంది. వదిన దాన్ని అప్పుడే కొలిచి పెట్టింది కూడా. వదిన మంచి మనిషే. ఇరవయ్యారేళ్ల మనిషికి మంచం కాక ఇంకేమైనా కావాలేమోనని ఆమెకు తోచలేదు, అంతే.

ఇద్దరి తరఫునా ఉత్తరాలు వెళ్లాయి, జవాబులు వచ్చాయి. ఫాదర్ దిండుకు ఆనుకుని ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

“త్రేసా, ఆశ్రమంలో నీకు ఉద్యోగం ఖాయం. కానీ వాళ్ల దగ్గర బస లేదు. ఉండడానికి చోటు చూపిస్తేనే రమ్మంటారు. ఊరూ పేరూ తెలియని ఒంటరి ఆడమనిషికి మా వాళ్లు గది ఇవ్వరు. పౌల్, నీ సంగతి దీనికి తలకిందులు. రేవు దగ్గర మా అక్క ఇంట్లో మేడమీద రెండు గదులు ఖాళీ. నా మాట మీద నీకు ఇస్తానంది. రేవులో మాత్రం ఉన్నవాళ్లనే తీసేస్తున్నారట, పని లేదు.”

“అంటే సిస్టర్‌కి పనుంది, ఇల్లు లేదు. నాకు ఇల్లుంది, పని లేదు” అన్నాడు పౌల్‌రాజు. “మేమిద్దరం ఇక్కడే ఉండిపోవచ్చన్నమాట.”

అయినా ఇద్దరూ ఫాదర్ దగ్గర మొదలుపెట్టిన మాల్టా భాష నేర్చుకోవడం మానలేదు. ఇంటిని దార్ అంటారు, పనిని షోల్ అంటారు. సాయంత్రం అతను సైకిల్ ఎక్కకుండా నడిపించుకుంటూ ఆమె క్వార్టర్ మలుపు దాకా వచ్చేవాడు.

“మీ షోల్ ఎలా ఉంది?” అనేవాడు.

“బావుంది. మీ దార్‌లో వాన కారుతోందా?”

“వెళ్లి చూసినవాడు లేడు గదండీ.”

ఒకసారి నిజంగానే పెద్ద వాన వచ్చింది. ఆమె గొడుగు తెరిచింది. అతను పక్కనే తడుస్తూ నడిచాడు.

“గొడుగు కిందికి రావచ్చు గదా.”

“బైటికి నడవమన్నది మీరే గదా సిస్టర్.”

“సిస్టర్ అనడం మానితే లోపలికి రావచ్చు.”

అతను మానాడు. ఇంటికి చేరేసరికి త్రేసమ్మ ఎడమ భుజం పూర్తిగా తడిసింది. గొడుగు చిల్లిపడిందేటని తల్లి లూర్దమ్మ అడిగితే లేదంది.

ఆదివారం పూజ నుంచి వచ్చాక, భోజనాల దగ్గర ఆరోగ్యస్వామి గొంతు సవరించుకున్నాడు.

“ఏటి త్రేసా, ఆ వెల్డింగ్ కుర్రోడికి ఇల్లున్నాదంట. నీకు ఉజ్జోగం ఉన్నాది. రెండూ కలిపెత్తే సరిపోద్ది గదా.”

“మీకెవరు చెప్పారు?”

“ఎవులు సెప్తే ఏటి? మాట బాగున్నాదా లేదా?”

“రెండు గదుల కోసం నేను పెళ్లి చేసుకోను నాన్నా.”

ఆమెకు కోపం తండ్రి మీద కాదు. అంతకుముందు వచ్చిన సంబంధాల్లో ఒకడు ఆమె జీతాన్ని చూశాడు, ఒకడు తన ముసలితల్లికి ఇంట్లోనే నర్సు ఉంటుందని చూశాడు. ఇతను అలాంటివాడు కాదనుకుంది. మర్నాడు ఫాదర్ గది వరండాలోనే అతన్ని ఆపింది.

“గది కావాలంటే అద్దెకు నేనే అడుగుతాను. మధ్యలో మా నాన్నని పంపక్కర్లేదు.”

“నాను ఎవుర్నీ పంపలేదండి.”

“సరే. నాకు డ్యూటీ ఉంది.”

అతను సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రాలేదు. ఫాదర్ జ్వరం తగ్గింది, ఇంజెక్షన్లు ఆగిపోయాయి. వానలూ పలచబడ్డాయి. త్రేసమ్మ డ్యూటీకి వెళ్లి వస్తూనే ఉంది. దారిలో కొత్త మాట ఏదైనా గుర్తొస్తే పైకి అనడానికి ఎవరూ లేరని మాత్రం గమనించింది.

వానాకాలం వెళ్లేముందు ఫాదర్ కబురు పెట్టాడు.

“మా అక్క దగ్గర్నించి జవాబొచ్చింది. ఆ రెండు గదులూ నీకే, నీ పేరు మీదే ఇస్తుంది. ఇక నువ్వు బయల్దేరవచ్చు.”

“ఆవిడ ఒంటరి ఆడవాళ్లకి ఇవ్వరన్నారు గదా ఫాదర్?”

“ఇవ్వదు. పౌల్ వచ్చి, తనకు వద్దు, నీకిమ్మని రాయమన్నాడు. మా అక్క ఒప్పుకోదన్నాను. ‘మీ అక్క విధవరాలు గదా, ఆమె ఒంటరిగా ఉండటం లేదా’ అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అదే మాట రాశాను. చూడబోతే మా అక్క దగ్గరా జవాబు లేదు.”

త్రేసమ్మ “మా నాన్నతో పెళ్లి మాట ఎత్తింది ఎవరు ఫాదర్?” అంది.

“నేనే. పొరపాటైందా?”

“పొరపాటు నాదే” అని ఆమె లేచింది.

ఖర్కై వంతెన దాటి, షెడ్డు వెతుక్కుంటూ వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. పౌల్‌రాజు ముఖానికి నల్లద్దం అడ్డం పెట్టుకుని ఒక గేటు మీద వంగి ఉన్నాడు. నిప్పురవ్వలు ఆగేదాకా ఆమె దూరంగా నిలబడింది. అద్దం దించి ఆమెను చూసి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“గదులు ఎందుకు ఇచ్చేశారు?”

“పని లేకండా నాకు గదులెందుకండీ. కిటికీలోంచి ఓడల్ని సూత్తా కూకోడానికా?”

“అది కాదు. అసలు కారణం చెప్పండి.”

అతను షెడ్డు లోపలికి చూశాడు. ఎవరూ వినడం లేదు.

“మిమ్మల్ని ఒక మాట అడగాలనుకున్నాను. ఇల్లు నా సేతిలో ఉండగా అడిగితే, మీరు అవునన్నా అది ఇంటికోసమేమో అని నాకుంటాది. ఇల్లు ఎరేసి అడిగాననుకుని మీరు కాదంటారు. ఇప్పుడు మీకు పనీ ఉంది, ఇల్లూ ఉంది. నా దగ్గర ఏటీ లేదు. ఇప్పుడు కాదంటే అది నన్నే కాదనడం. సాఫ్ బాత్, ఉన్నమాట. తట్టుకుంటాను.”

“మరి అడగలేదే?”

“మీరు మాటాడ్డం మానేశారు గదా.”

“ఇప్పుడు మాట్లాడుతున్నాను.”

అతను అడిగాడు. గుండెలో మాటలు చెప్పడం అలవాటు లేనివాడు కనుక తడబడ్డాడు, సగం హిందీలో అడిగాడు. త్రేసమ్మ చివరిదాకా విని, రోగికి మందులు వివరించినట్టు చెప్పింది.

“అక్కడ మీకు పని ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. అప్పటిదాకా నా జీతంతోనే బతకాలి. నేను డ్యూటీకి వెళ్తే మీరు ఇంట్లో ఉండాలి. ఇక్కడ తెలిసినవాళ్లంతా నవ్వుతారు. మీకు సమ్మతమేనా?”

అతను నల్లద్దం పక్కన పెట్టి ఆలోచించాడు. అది ఆమెకు నచ్చింది.

“కష్టమే. అబద్ధం సెప్పను” అన్నాడు. “ఓడలు కాకపోతే గేట్లు. అక్కడ ఇళ్లకి గేట్లుండవేటి? నలుగురి తలుపులూ తడతాను. పని దొరికేదాకా వంట నాది. మిమ్మల్ని పంపేసి ఇక్కడుండిపోవడం కంటే అదే మేలు.”

“వంట వచ్చా?”

“రాదండి.”

“నేర్పిస్తాను” అంది త్రేసమ్మ. చీర కొంగుతో అతని చెంప మీది మసి తుడిచింది. షెడ్డులో ఎవరో దగ్గారు.

ఆ సాయంత్రమే ఇద్దరూ క్వార్టర్‌కు వెళ్లారు. పౌల్‌రాజు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఉద్యోగం అమ్మాయిది, ఇల్లు అమ్మాయిది, తనకింకా ఏదీ లేదు. ఆరోగ్యస్వామి కుర్చీలో వెనక్కి వాలి పైకప్పుకేసి చూశాడు. ఇల్లున్న అల్లుడి గురించి ఆయన మాట్లాడాడు గానీ ఇతను అది కూడా పోగొట్టుకుని వచ్చాడు. త్రేసమ్మ ఆయన ముఖం వైపు చూసింది. నాన్న కాదన్నా వెళ్లడం ఆగదు. కానీ కాదనిపించుకుని వెళ్లాలని లేదు.

ఆయన వంటింటివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

“ఒక మాట సెప్తాను, మీలోనే ఉండాల. మీ యమ్మని పెళ్లి సేసుకుని ఈ ఊరు తెచ్చేతప్పటికి నాకూ పని లేదు. ఉన్నాదని సెప్పి తెచ్చాను. పొద్దున్నే కేరేజీ పట్టుకుని ఎల్లి కార్ఖానా గేటు కాడ నిలబడేవోణ్ణి, సాయంత్రం వచ్చేసేవోణ్ణి. నెలదాటి తిరిగినాక పిలిసి పని ఇచ్చారు. మీ యమ్మకి ఇప్పటికీ తెల్దు. ఈడు నాకన్నా నయం, ముందే సెప్పేసినాడు.”

లూర్దమ్మ వంటింట్లోంచి నాలుగు గ్లాసుల టీ పట్టుకొచ్చింది. మొదటి గ్లాసు కాబోయే అల్లుడి చేతిలో పెట్టి, రెండోది మొగుడికి అందించింది.

“ఆ నెలంతా నీ సొక్కాలు ఉతికింది నానే గదా” అంది. “మసి మరక ఒక్కటి లేదు.”