ముత్యాలు పాఠం అప్పజెప్పిన కథ

సిమిలీ అంటే ఒకటి ఇంకోదానిలా ఉందని చెప్పడం. మెటఫర్ అంటే ఆ ‘లా’ కూడా తీసేసి, ఇదే అది అనేయడం. మరి మూడోది? ప్రాణం లేనిదాన్ని మనిషిలా నడిపించేది. దాని పేరేమిటి? పొద్దున వాగు దగ్గర నోట్లోనే ఉంది. ఇప్పుడు లేదు. ముత్యాలు కొండదారిలో ఒక రాయి మీద చతికిలబడింది. కాళ్ల కంటే తలే ఎక్కువ నొప్పెడుతోంది.

కోనగిరి రాజ్యంలో మాట్లాడగలిగే మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే. శిఖరం మీది బ్రహ్మరాక్షసుడు బతికున్న రోజుల్లో సముద్రాలు దాటి ఇంగ్లీషు నేర్చుకొచ్చిన పండితుడు. అతని పాఠం వింటూ రాజుగారు ఆవలించారు. ఆ కోపం చచ్చాక కూడా చల్లారక, అతను రాజ్యంలోని గొంతులన్నీ లాగేసి ఇత్తడి బిందెలో పెట్టి మూత వేశాడు. ఆ పూట ముత్యాలు అడవిలో తేనె తీస్తూ ఉండిపోయింది కనుక ఆమె గొంతు మిగిలింది.

“నాకు ఆవలింత రాకుండా అలంకారాలు అప్పజెప్పినవాళ్లకే బిందె. ఆవలింత వచ్చిందా, వాళ్ల గొంతూ ఇందులోకే!” అని రాక్షసుడు చాటించాడు. పొరుగు రాజ్యాల రాకుమారులు పన్నెండుమంది వెళ్లి, మూగగా తిరిగొచ్చారు.

రాజుగారు ఆ పాఠమున్న తాటాకుల కట్టను ముత్యాలు చేతిలో పెట్టి, మాట రాక దండం పెట్టారు.

మూడు నెలలు ఆమె తల్లికి అప్పజెప్పింది. తల్లి చంద్రమ్మకు చదువు రాదు. కట్టను తలకిందులుగా పట్టుకుని, కూతురు ఏం చెప్పినా తలూపేది. తప్పు చెప్పినా అంతే. “సరిగ్గా పట్టుకోవే అమ్మా!” అని ముత్యాలు ప్రతిసారీ కట్టను తిప్పేది. ఒకరోజు విసుగొచ్చి లాగేసుకుని, గోడకు అప్పజెప్పుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చంద్రమ్మ గుమ్మం దగ్గరే కూర్చునేది. ఆ సంగతి ఇప్పుడు ముత్యాలును ముల్లులా గుచ్చుతోంది. ఇది సిమిలీ కదా అని తోచి, ఆమెకు మరింత నీరసం వచ్చింది.

లేచి నడిచింది. వంతెన దగ్గర గండభేరుండం అడ్డుపడి సిమిలీ అడిగింది.

“చంద్రుడిలాంటి ముఖం,” అంది ముత్యాలు.

“అబ్బ, మళ్లీ చంద్రుడేనా!” అని పక్షి రెక్క ఎత్తి దారిచ్చింది.

గుహలో కొండచిలువ, గోరంతను కొండంత చేసి చెప్పే హైపర్‌బొలీ అడిగింది.

“ఆమె కన్నీళ్లకు సముద్రం పొంగింది.”

“పన్నెండుమందీ ఇదే ఏడుపు ఏడిచారు. పోవే పో,” అంటూ చుట్టలు విప్పింది.

శిఖరం మీద బ్రహ్మరాక్షసుడు బిందెకు ఆనుకుని ఉన్నాడు. కోరలు పెద్దవే గానీ, కళ్ల కింద నలుపు అంతకంటే పెద్దది.

“నువ్వూ తాటాకుల పిల్లవేనా? కానీ, కానీ.”

ముత్యాలు గడగడా మొదలుపెట్టింది. మూడోదాని దగ్గర ఆగిపోయింది. రాక్షసుడి నోరు మెల్లగా తెరుచుకోసాగింది. బిందె మూత కదిలింది.

“నాకిక ఓపిక లేదు తాతా,” అంది ముత్యాలు. “పేరు గుర్తు రావట్లేదు. మా ఇంటి తలుపు మాత్రం గుర్తొస్తోంది. అమ్మ చేతిలోంచి నేను కట్ట లాక్కున్నాక, గాలి వేసినప్పుడల్లా ఆ తలుపే కిర్రుమంటూ అమ్మను పలకరించేది. అన్నం తిన్నావా అని అదే అడిగేది. నేను అడగలేదు.”

తెరిచిన నోరు ఆవలించకుండానే మూసుకుంది.

“ఇది ఏ ఆకులో ఉందే?”

“ఏ ఆకులోనూ లేదు.”

“పర్సానిఫికేషన్,” అన్నాడు రాక్షసుడు. “బతికినన్నాళ్లూ పిల్లల చేత పేర్లే చెప్పించాను. వాళ్ల ఇళ్లకు తలుపులుంటాయని తోచలేదు. తీసుకుపో. నాకిక నిద్రపోవాలనుంది.”

మూత తీయగానే గొంతులన్నీ తేనెటీగల్లా రొద చేస్తూ కోనలోకి దిగిపోయాయి. పల్లకి పంపి, ఆస్థానంలో పంతులమ్మగా ఉండమని రాజుగారు కబురుచేశారు. రేపొస్తానని చెప్పి ముత్యాలు ఇంటికి నడిచింది.

“వచ్చావా తల్లీ!” చంద్రమ్మ గొంతు బొంగురుపోయి ఉంది. “అన్నీ చెప్పావా?”

“ఒకటి మర్చిపోయానే. అన్నం తిన్నావా అమ్మా?”

“తింటాలే. ఏదీ, మళ్లీ చెప్పు.”

చంద్రమ్మ చెయ్యి చాపి కట్ట అందుకుంది, తలకిందులుగానే. అలవాటు కొద్దీ ముత్యాలు చెయ్యి ముందుకు వెళ్లింది. మధ్యలో ఆగి, తిరిగి ఒళ్లోకి వచ్చింది. ఆమె తల్లి ఎదుట బాసింపట్టు వేసుకుని, మొదటి ఆకు నుంచి అప్పజెప్పడం మొదలుపెట్టింది.