ఆరింటి ఫోను

మా కౌంటీ మొత్తానికీ ఉన్నది ఒక్కటే హైస్కూలు. అందులో తొమ్మిదో నంబరు గదంటే, పొద్దుగూకాక ఎవరూ అటు పోరు. చీకట్లో, వెనక వరసలో ఎవరో దగ్గుతారట!

ఇరవై ఏళ్లుగా ఆ బడి బస్సు తోలుతున్నాను. పిల్లల కోతలే అనుకునేదాన్ని. కానీ ఇది ఆఫీసు గుమాస్తా వెర్నా చెప్పిన సంగతి. కథలల్లే మనిషి కాదది... జరిగిందే సరిగ్గా చెప్పడం రాదు దానికి.

కిందటి డిసెంబరులో మార్లా కొడుకు కోల్టన్, గడ్డకట్టిన వాగు దాటుతుంటే కాళ్ల కింద మంచు పగిలి, నీళ్లలో మునిగి చనిపోయాడు. పదహారేళ్లు. మైళ్ల దూరం ఇంకో కొంప లేని ఆ ఇంట్లో ఇక మార్లా ఒక్కతే. వాళ్ల గేటు దగ్గర బస్సు ఆపడం మానడానికి నాకే చాలా రోజులు పట్టింది.

ఆ రోజు బడికి రాని పిల్లల ఇళ్లకు సాయంత్రం ఆరింటికి కంప్యూటరే ఫోన్ చేస్తుంది. జాబితాలోంచి కోల్టన్ పేరు తీసెయ్యడం వెర్నా మర్చిపోయింది. "మీ అబ్బాయి కోల్టన్ ఈ రోజు బడికి రాలేదు" అని — నెల రోజులు! సంగతి తెలిసి, తల బాదుకుంటూ మార్లా ఇంటికి పరుగెత్తింది.

"తియ్యకు వెర్నా," అంది మార్లా. "ఈ ఇంట్లో వాడి పేరెత్తేది ఆ ఫోనొక్కటే. అది మోగుతుందనే ఆరింటిదాకా బతుకుతున్నాను."

వెర్నా మాత్రం ఏం చేస్తుంది? పేరు అలాగే ఉంచేసింది.

ఫిబ్రవరిలో ఒక రోజు, రాత్రి ఏడవుతుంటే వెర్నాకి మార్లా ఫోను. ఒకటే ఏడుపు.

"ఇవాళ ఫోను రాలేదే! తీసేశావు కదూ?"

"ఒట్టు తల్లీ, నేను ముట్టుకోలేదు. ఉండు, బడికెళ్లి చూస్తా."

బయట మంచు కురుస్తోంది. బడంతా చీకటి. ఆఫీసుకెళ్లాలంటే తొమ్మిదో గది దాటాల్సిందే. ప్రాణాలు అరచేత పట్టుకుని నడిచింది... గది ముందుకు రాగానే — దగ్గు! ఒక్కసారే. వెర్నా వెనక్కి చూడకుండా పరుగు లంకించుకుంది.

కంప్యూటరు తెరిచింది. కోల్టన్ పేరుంది. పక్కన వరసగా గైర్హాజరు... గైర్హాజరు... గైర్హాజరు.

ఇవాళ్టి గడిలో — హాజరు.

పొద్దున హాజరు వేసేది హ్రూష్కా మాస్టారు. తొమ్మిదో గదిలోనే. వెంటనే ఆయనకి ఫోన్ కొట్టింది.

"ఏం మాస్టారూ, మతి గానీ పోయిందా? పోయిన పిల్లాడికి హాజరేస్తారా?"



"జాబితాలో పేరుంటే పిలవకుండా ఎలా దాటెయ్యను వెర్నా? రోజూ పిలుస్తా. పిల్లలంతా తలొంచుకుంటారు. గైర్హాజరు వేస్తా. ఇవాళ పిలిస్తే... పలికాడు."

"ఎవరు పలికింది?"

"వెనక వరసలోంచి పలికాడు. వేశాను. అంతకంటే అడక్కు."

 అక్కడ మార్లా ఎదురుచూస్తుంటుందని వెర్నా నంబరు నొక్కింది.

"మార్లా... వాడికి ఇవాళ హాజరు పడిందే."

 మార్లా మాట్లాడింది. గొంతులో ఏడుపు లేదు, గుసగుసగా ఉంది.

"ఫోను పెట్టెయ్ వెర్నా... గుమ్మం బయట ఎవరో బూట్లకంటిన మంచు దులుపుకుంటున్నారు."