రెండో సగం మాట

"ఆ కాల్ చెల్లదండీ."

జోయెల్ టాకెట్ హెడ్‌సెట్ తీసి వెనక్కి తిరిగింది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు గారిక్ స్ట్రౌడ్, చొక్కా చేతులు పైకి మడిచి, దొంగను పట్టుకున్న పోలీసులా నుంచుని ఉన్నాడు. సర్వే ఆఫీసులో ఇదో పీడ. ఫోన్లో మనం మాట్లాడుతుంటే వీళ్లు ఎక్కడో కూర్చుని గుట్టుగా వింటారు.

"ఎందుకు చెల్లదు? పాపం ఆ ముసలావిడ ఎంత ఓపిగ్గా జవాబులు చెప్పిందో!"

"ప్రశ్న మార్చేశారు. తెర మీద ఉన్నది ఉన్నట్టు చదవాలి. సొంత కవిత్వం కలపకూడదు."

"ఆవిడకి అర్థం కాలేదండీ. విడమరిచి చెప్పాను."

"విడమరిస్తే జవాబు మారిపోతుంది."

"అలాగైతే లోపం నాలో లేదు, మీ ప్రశ్నలోనే ఉంది."

పక్క సీట్లో డాట్ కిసుక్కున నవ్వింది. గారిక్ ఏదో అనబోయి, జోయెల్ కళ్లలోకి చూసి, అనాల్సింది మర్చిపోయాడు. అతని చెవులు ఎర్రబడటం ఆ వరసలో అందరూ చూశారు.

ఒహాయో నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో అప్పుడు ఎక్కడ విన్నా ఒకటే గోల. లైసెన్సు లేకపోయినా తుపాకీ దాచుకుని తిరగొచ్చని, బార్లలోకి కూడా తీసుకెళ్లొచ్చని రాష్ట్ర సభలో బిల్లు పెట్టారు. బిల్లు కావాలనే సంఘం ఒకటి జనాభిప్రాయం కనుక్కోమని వీళ్ల కంపెనీకి పని ఇచ్చింది. జోయెల్ వరస రోజంతా చదివే ప్రశ్న ఇది: "చట్టానికి లోబడి బతికే పౌరులు ఆత్మరక్షణ కోసం తుపాకీ దగ్గర ఉంచుకునే హక్కును మీరు సమర్థిస్తారా?"

"నేను బిల్లు పక్షమేనమ్మా," అనేది డాట్, చేతిసంచిలోని తన పిస్తోలును తట్టి. "అయినా ఈ ప్రశ్న చదువుతుంటే నాకే నవ్వొస్తుంది. మీ అమ్మంటే నీకిష్టమేనా అని అడిగినట్టుంది. ఎవడు కాదంటాడు?"

ఆ వారంలోనే ఒక సాయంత్రం కుండపోత వాన. జోయెల్ కారు మొరాయించింది. గారిక్ గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. గొడుగు గాలికి విరిగి తిరగబడింది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"గొడుగు కూడా ఉన్నది ఉన్నట్టే పట్టుకోవాలా?" అంది జోయెల్.

"మీరు విడమరిచి చెబితే నేర్చుకుంటాను," అన్నాడు గారిక్.

అక్కణ్ణుంచి ఆపడం ఎవరి తరం? రోజూ అతనే ఇంటి దగ్గర దింపేవాడు. ఇల్లంటే వాళ్లమ్మ ట్వైలా నడిపే బారు, దాని మీద రెండు గదులు. ట్వైలా అతనికి వేయించిన చేప పెట్టిన శాండ్‌విచ్ చేసిపెట్టేది. తినేవాణ్ణి చూస్తే చాలు, ఆవిడకి మనిషి నచ్చేస్తాడు.

ఒకరోజు కారులో కూర్చుని జోయెల్ తన తండ్రి సంగతి చెప్పింది. ఆ బారు గుమ్మంలోనే, తాగిన ఇద్దరు కొట్టుకుంటుంటే విడదీయబోయాడు. ఒకడు కోటు మాటు నుంచి పిస్తోలు తీశాడు. అంతే. గారిక్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నీకో మాట చెప్పనా?" అన్నాడు. "మేం అందర్నీ ఒకటే అడగడం లేదు. సగం మందిని మీ వరస అడుగుతోంది. మిగతా సగాన్ని మన ఆఫీసు మేడమీది వాళ్లు. లైసెన్సు, శిక్షణ ఏమీ లేకుండా ఎవరైనా తుపాకీ దాచుకుని బార్లోకి రావచ్చా అన్నది వాళ్ల ప్రశ్న."

"ఏమన్నారు?"

"మీ వరసకి నూటికి అరవై ఎనిమిది మంది అవునన్నారు. మేడమీద అరవై ఒక్కమంది వద్దన్నారు."

"మరి ఏది నిజం?"

"రెండూనూ. జనం మనసు ఇంకా కుదురుకోలేదు, ఎటు తిప్పి అడిగితే అటు తిరుగుతోంది. అందుకే రెండూ కలిపి చెప్పాలి. ఒకటే చెబితే అబద్ధంతో సమానం."

జోయెల్ అతని భుజం మీద తల వాల్చింది. "నువ్వు మంచివాడివి. బిల్లు విచారించే సభా సంఘం నిన్ను పిలిచిందిగా, అక్కడ రెండూ చెప్తావు కదూ?"

"చెప్తాను," అన్నాడు. ముద్దు పెట్టుకున్నాడు.

మర్నాడు ఈ ముచ్చట విని డాట్ మొహం చిట్లించింది. "ఒసేయ్ పిచ్చిదానా! జవాబు నువ్వే నోట్లో పెట్టి అడిగితే అవుననక ఏం చేస్తాడే? పొద్దస్తమానం ఈ పనే చేస్తావు. ప్రేమలో పడేసరికి నీ పని నువ్వే మర్చిపోయావా?"

జోయెల్‌కి ఒళ్లు మండింది. ఆ రోజంతా డాట్‌తో మాట్లాడలేదు.

రాజధానిలో సభా సంఘం కూర్చున్న రోజు సెలవు పెట్టి వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది. గారిక్ నీలం టై కట్టుకున్నాడు. జనం ఈ బిల్లు కోరుకుంటున్నారా అని ఒక సభ్యుడు అడిగాడు.

"మేం అడిగిన ప్రశ్నకు నూటికి అరవై ఎనిమిది మంది అవునన్నారండీ," అని చెప్పి గారిక్ కూర్చున్నాడు.

జోయెల్ ఎదురుచూసింది. అతను మళ్లీ లేవలేదు.

బయట మెట్ల మీద సన్నగా వాన పడుతోంది. అతను వచ్చి పక్కన నిలబడ్డాడు.

"రెండో సగం ఏది?"

"అది డబ్బు కట్టినవాళ్ల సొత్తు, జోయెల్. బయట పెట్టొద్దన్నారు. పెడితే కంపెనీకి ఇంకో పని రాదు. నీ ఉద్యోగం, డాట్ ఉద్యోగం..."

"నాకు మాటిచ్చావు."

"నీ మొహం చూసి కాదనలేకపోయాను."

చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. బస్సెక్కి ఇంటికొచ్చింది. సిగ్గేసి తల్లికి ఏమీ చెప్పలేదు. తల్లి కళ్ల ముందు అతన్ని చెడ్డవాణ్ణి చేయడానికి ఇంకా మనసొప్పలేదు.

బిల్లు నెగ్గింది. ఆ ఆదివారం గారిక్ ఉంగరం జేబులో వేసుకుని బారుకి వచ్చాడు. గుమ్మంలో ట్వైలా స్టూలెక్కి, తలుపు మీది బోర్డు మరలు విప్పుతోంది. 'తుపాకులు లోపలికి తేవద్దు' అని భర్త పోయాక ఆవిడే రాయించి పెట్టిన బోర్డు.

"అమ్మా! అదెందుకు తీస్తున్నావ్? సొంత కొట్లో వద్దనే హక్కు నీకుంది," అంది జోయెల్ పరుగున వచ్చి.

"ఎవరూ తీయమనలేదే, నేనే తీస్తున్నా. టీవీలో చెప్పారు కదా, నూటికి అరవై ఎనిమిది మంది కావాలన్నారట. ఇక్కడ కూర్చుని తాగేవాళ్లేగా వాళ్లంతా! మీ నాన్న పోయాక భయంతో నాకే బుర్ర పాడైందేమో. వాళ్లని గుమ్మంలో ఇలా అవమానించడం దేనికి?" కిందికి దిగి గారిక్ చెయ్యి పట్టుకుంది. "నువ్వెందుకొచ్చావో నాకు తెలుసులే బాబూ. నాకిష్టమే. నా పిల్లని బాగా చూసుకో."

గారిక్ నేలచూపులు చూశాడు.

"అమ్మకి చెప్పు," అంది జోయెల్.

చెప్పాడు. ఈసారి ఏదీ దాచలేదు.

ట్వైలా మెల్లగా కుర్చీలో కూలబడింది. "అరవై ఒక్కమందా? వద్దన్నారా?"

"అవునండీ. క్షమించండి."

"బిల్లు ఆగిపోయేదని కాదు బాబూ. ఆగకపోతే ఆగకపోయె. ఇంతమంది నాలాగే అనుకుంటున్నారని తెలిసేది. నేనొక్కదాన్నే అనుకున్నాను."

గారిక్ జోయెల్ వైపు తిరిగాడు. "చూశావుగా, నిజం చెప్పేశాను."

"అమ్మ మొహం చూసి చెప్పావు. అక్కడ వాళ్ల మొహాలు చూసి దాచావు. రేపు ఎవరి మొహం చూసి ఏమంటావో నాకేం తెలుసు?"

"నిన్ను ప్రేమిస్తున్నాను జోయెల్."

"నమ్మాలనే ఉంది. నమ్మలేకపోతున్నాను," అంది ఏడుస్తూ. తలుపు తీసి పట్టుకుంది.

అతని కారు వీధి మలుపు తిరిగాక, ట్వైలా స్టూలు మళ్లీ గుమ్మం దగ్గరికి లాగింది. జోయెల్ బోర్డు ఎత్తి పట్టుకుంది. ఆవిడ మర బిగిస్తూ, కూతురి వైపు చూడకుండానే అడిగింది:

"ఆ అబ్బాయంటే నీకు ఇష్టమా, కాదా?"

"చాలా ఇష్టం అమ్మా," అంది జోయెల్, రెండో మర అందిస్తూ.