డ్యాష్‌బోర్డు చెప్పిన అబద్ధం

కారు ఆపమని డ్యాష్‌బోర్డు చెబితే రాఘవ ఆపాడు. అతను చేసిన తప్పు అదొక్కటే.

మార్టూరు దాటాక, హైవే పక్కన, పట్టపగలు జరిగింది. కొత్త టర్బో కారులో వార్నింగ్ లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. రాఘవ కారు పక్కకు తీసి ఆఫీసుకు ఫోన్ చేశాడు. పిలవకుండానే చెడిన కార్లను లాక్కెళ్లే రికవరీ ట్రక్కు వచ్చిందనీ, అదృష్టం బాగుందనీ అన్నాడు. ఆ తర్వాత అతని గొంతు ఎవరూ వినలేదు. సైలెన్సర్ బిగించిన తుపాకీతో డ్రైవింగ్ సీట్లోనే కాల్చేశారు. కారును వర్క్‌షాపులో పూర్తిగా విప్పి చూస్తే ఏ లోపమూ కనిపించలేదు.

రాఘవ మధ్యలో వదిలిన పని శరత్‌చంద్రకు అప్పగించారు.

మంగళగిరిలో ఒక చేనేత చీరల దుకాణం మేడమీద వాళ్లిద్దరూ పనిచేసే గూఢచారి విభాగం ఆఫీసు. చీఫ్ త్యాగరాజు గారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. విదేశీ ముఠా ఒకటి నౌకాదళం సోనార్ పరికరాల భాగాలను చీమకుర్తి గ్రానైట్ బండల్లో తొలిచి దాచి విదేశాలకు పంపుతోందని చెప్పారు. ముఠా నాయకుడి మారుపేరు మేస్త్రీ. ఆఖరి డిజైన్ చిప్‌తో అతను సాయంత్రం విమానంలో గన్నవరం నుంచి ఎగిరిపోతున్నాడు. అతని ఫొటో ఎవరి దగ్గరా లేదు. ఆ ముఖం చూసి బతికున్నది ఒక్కరే. చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్లో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసే కోటేశ్వరి.

"ఆమెను ఎయిర్‌పోర్టుకు చేర్చు. తోడుగా మనోజ్ఞ వస్తుంది," అన్నారు త్యాగరాజు గారు.

మనోజ్ఞ అదే విభాగంలో ఏజెంటు. ఆమె గదిలోకి వస్తే మాటలు ఆగిపోతాయి, అంత అందగత్తె. రాఘవ అంత్యక్రియల్లో శరత్ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆమె తోడు వస్తుందనగానే శరత్‌కు కాస్త ధైర్యం వచ్చింది.

ఇద్దరూ మొగుడూ పెళ్లాల వేషంలో చీమకుర్తి వెళ్లారు. శరత్ పొగాకు కంపెనీ మేనేజరు, మనోజ్ఞ అతని భార్య. గ్రానైట్ యూనిట్ గేటు దగ్గర శరత్ గెలాక్సీ రకం గ్రానైట్ స్టాకు ఉందా అని అడిగాడు. స్టీల్ గ్రే ఒక్కటే మిగిలిందని కోటేశ్వరి చెప్పింది. ముందే అనుకున్న కోడ్ మాటలు సరిపోయాయి. ఆమె వెనక సీట్లో మనోజ్ఞ పక్కన కూర్చుంది. భయంతో దారి పొడవునా చీర కొంగు వేలికి చుడుతూనే ఉంది.

ఒంగోలు వెనకపడింది. మేదరమెట్ల దాటగానే మొదటి లైటు వెలిగింది. పసుపు రంగు, ఇంజిన్ బొమ్మ.

స్టీరింగ్ పట్టుకున్న శరత్‌కు రాఘవ గుర్తొచ్చాడు. వెంటనే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, స్టీరింగ్, టైర్ ప్రెషర్ లైట్లు వరసగా వచ్చాయి. ఆఖరికి రెండు ఎర్రవి కూడా వెలిగాయి. ఒకటి టెంపరేచర్, ఇంకొకటి ఆయిల్ ప్రెషర్. బీప్, బీప్, బీప్. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కారు వేగం అందుకోనంటోంది. టర్బో బూస్ట్ పోయింది. లింప్ మోడ్! ఇంజిన్‌ను కాపాడుకోవడానికి కారు తనంతట తాను నెమ్మదించేసింది.

"ఆపు శరత్," అంది మనోజ్ఞ. "ఎర్ర లైటు వస్తే నడపకూడదు. ఇంజిన్ పట్టేస్తుంది."

ఆమె చెప్పింది నిజమే. ఏ మెకానిక్‌ను అడిగినా అదే చెబుతాడు. ఈ లైట్లు నిజమైతే కారు ఇంకాస్త దూరం నడిపినా ఇంజిన్ పోతుంది, మేస్త్రీ విమానం ఎక్కేస్తాడు. అబద్ధమైతే ఆగిన చోటే ముగ్గురూ రాఘవలా పోతారు.

శరత్ ఆపలేదు. మిర్చి బస్తాల లారీల మధ్య మెల్లగా నడుపుతూ, లైట్లను పక్కన పెట్టి కారు తీరునే గమనించడం మొదలుపెట్టాడు. టెంపరేచర్ లైటు మండుతోంది, కానీ గేజ్ ముల్లు మధ్యలోనే ఉంది. స్టీరింగ్ చెడిందంటోంది, కానీ చక్రం ఎప్పట్లాగే తేలిగ్గా తిరుగుతోంది. ఇంజిన్‌లో ఆయిల్ లేకపోతే వచ్చే కటకట చప్పుడు లేదు. కాలిన వాసన లేదు.

జనం ఉన్న పెట్రోల్ బంకు చూసి కారు లోపలికి తిప్పాడు. కోటేశ్వరిని బంకు ఆఫీసులో కూర్చోమన్నాడు. మనోజ్ఞ ఎండ అంటూ కార్లోనే ఉండిపోయింది. శరత్ బానెట్ ఎత్తాడు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ సరిగ్గా ఉంది. కూలెంట్ నిండుగా ఉంది. ఇన్ని లైట్లు ఒకేసారి వస్తే చాలాసార్లు బ్యాటరీ వైరు వదులైందని అర్థం. కదిపి చూశాడు, గట్టిగానే ఉంది. టర్బో పైపుల క్లాంపులు ఊడలేదు. స్టీరింగ్ కింద పోర్టులో ఎవరూ ఏదీ తగిలించలేదు. లోపాలు చదివే తన స్కానర్‌ను అక్కడ పెట్టాడు.

స్కానర్ తెర నిండా లోపాల కోడ్‌లు. అన్నిటి సారాంశం ఒక్కటే: కారులోని కంప్యూటర్లకు ఒకదాని మాట ఒకదానికి అందడం లేదు. తుడిచేశాడు. క్షణంలో అన్నీ తిరిగి వచ్చాయి.

ఇంజిన్‌లో ఏ రోగమూ లేదు. ఎవరో కారు వైర్లలోకి అబద్ధాలు పంపుతున్నారు. అది దూరం నుంచి జరిగే పని కాదు, దగ్గరున్న మనిషే చేయాలి. అందాకా అతని అనుమానమంతా కోటేశ్వరి మీదే. ఆమెను ముఠాయే ఎరగా వేసిందేమో అనుకున్నాడు. కానీ ఆమె తన సంచీతో సహా బంకు ఆఫీసులో ఉంది. లైట్లు ఇక్కడ వెలుగుతూనే ఉన్నాయి.

ఇక మిగిలింది ఎవరో తలచుకోవడానికి అతనికి మనసు రాలేదు.

అప్పుడే బంకు ముందు ఒక రికవరీ ట్రక్కు వచ్చి ఆగింది.

"నువ్వు పిలిచావా?" అని అడిగాడు శరత్.

"లేదే. దారిన పోతూ ఆగారేమో. సాయం అడుగుదామా?" అంది మనోజ్ఞ.

అక్కర్లేదని కోటేశ్వరిని ఎక్కించుకుని బయల్దేరాడు. ట్రక్కు కాస్త ఎడంగా వెంట వచ్చింది. కొంత దూరం పోయాక శరత్ హైవే వదిలి ఒక మట్టిరోడ్డు పట్టాడు. అటూ ఇటూ కళ్లాల్లో మిర్చి ఎర్రగా ఆరబోసి ఉంది. ఆ ఘాటుకు ముగ్గురికీ దగ్గు వచ్చింది.

కారు ఆపి, వెనక టైరులో గాలి ఉందేమో ఒకసారి దిగి చూడమని మనోజ్ఞను అడిగాడు. తన లెక్క తప్పితే, తోటి ఏజెంటును తన చేతులతో హంతకులకు వదిలేసినట్టే.

మనోజ్ఞ హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని దిగింది. తలుపు వేసింది. శరత్ యాక్సిలరేటర్ తొక్కాడు.

"సార్, మేడమ్ దిగిపోయారు," అని కోటేశ్వరి గాభరాగా అంది.

అతను కారు ఆపలేదు. కళ్లు డ్యాష్‌బోర్డు మీదే ఉన్నాయి. కారు ఒక కళ్లం దాటింది. ఏమీ మారలేదు. రెండో కళ్లం దాటింది. ఎర్ర లైట్లు అలాగే ఉన్నాయి. వెనక్కి తిప్పుదామని బ్రేకు మీద కాలు పెట్టాడు.

టెంపరేచర్ లైటు ఆరింది. తర్వాత ఆయిల్ లైటు. స్టీరింగ్, ట్రాక్షన్, ఏబీఎస్ ఒకదాని వెనక ఒకటి ఆరిపోయాయి.

అద్దంలో చూశాడు. ట్రక్కు మనోజ్ఞ పక్కన ఆగింది. ఎవరూ ఆమెను లాగలేదు. తలుపు తీశారు, తనే ఎక్కింది. ఆ రోజు రాఘవ పక్క సీట్లో ఎవరున్నారో శరత్‌కు అప్పుడు అర్థమైంది. ఏడవడానికి టైం లేదు.

ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేశాడు. లింప్ మోడ్ పోయింది. ట్రక్కు దుమ్ము లేపుకుంటూ దగ్గరికి వచ్చేసింది. తూటా తగిలి వెనక అద్దం భళ్లున పగిలింది. కోటేశ్వరిని సీటు కిందికి వంగమని అరిచి, యాక్సిలరేటర్ నేలకు తొక్కాడు. టర్బో ఈల వేసింది. కారు ఎదురొస్తున్న పత్తి లారీకీ కాలవ గట్టుకూ మధ్యనుంచి దూసుకుపోయింది. లారీ అడ్డుపడి ట్రక్కుకు దారి మూసుకుపోయింది. అక్కడినుంచే త్యాగరాజు గారికి ఫోన్ చేసి, ఎవరిని పట్టుకోవాలో ఒక్క ముక్కలో చెప్పాడు.

గన్నవరంలో బోర్డింగ్ మొదలైపోయింది. శరత్ తన గుర్తింపు కార్డు చూపించి కోటేశ్వరిని లోపలికి పరిగెత్తించాడు. ఆమె క్యూ అంతా చూసి తల అడ్డంగా ఊపింది. గేటు మూసేయబోతున్నారు. చివర్లో చక్రాల కుర్చీలో, శాలువా కప్పుకున్న ఒక ముసలాయన్ను తోసుకెళుతున్నారు. నెరిసిన గడ్డం, నల్ల కళ్లద్దాలు. గేటు దగ్గరున్న ఉద్యోగిని, పాస్‌పోర్టు ఫొటోతో సరిపోల్చడానికి కళ్లద్దాలు తీయమంది.

ఆయన తీశాడు. కోటేశ్వరి శరత్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈయనే సార్."

ముసలాయన కుర్చీలోంచి కుర్రాడిలా లేచి పరిగెత్తాడు. గాజు తలుపు దగ్గర శరత్ అతన్ని పడగొట్టాడు. చిప్ నకిలీ గడ్డం కింద దొరికింది.

మనోజ్ఞను చిలకలూరిపేట దగ్గర ట్రక్కుతో సహా పట్టుకున్నారు. ఆమె పౌడర్ డబ్బాలో రిమోట్, కారు వెనక సీటు కింద వైర్లకు తగిలించిన చిన్న పెట్టె బయటపడ్డాయి. రిమోట్ దగ్గరుంటేనే ఆ పెట్టె పనిచేస్తుంది.

మర్నాడు విచారణ గదిలో శరత్ మనోజ్ఞ ఎదురుగా కూర్చున్నాడు. రాఘవ గురించి అడిగితే ఆమె తల తిప్పుకుంది. తర్వాత తనే అడిగింది.

"ఒకవేళ ఆ లైట్లు ఆరకపోయి ఉంటే?"

"వెనక్కి వచ్చేవాణ్ణి. నిన్ను క్షమించమని అడిగేవాణ్ణి," అన్నాడు శరత్.

మనోజ్ఞ కొంచెం ఆలోచించింది. "నేను క్షమించేదాన్నే," అంది.

ఆమె ఇన్నేళ్లలో చెప్పిన మాటల్లో అతను ఇప్పుడు పూర్తిగా నమ్మగలిగింది అదొక్కటే.