మంచులో రెండో పిలుపు

పిల్లలూ, ముందే చెబుతున్నాను. మా ఆయన పోయాక, జుట్టు నెరిశాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. నా రాత నత్తనడక. ఇంగ్లీషు ముక్కలు మాత్రం మా మనవరాలు పలికినవి పలికినట్టు రాశాను. మా ఊళ్ళో ఇంకా సెల్‌ఫోన్లు లేని రోజుల కథ ఇది.

పుష్యమాసం. తెల్లారింది గాని సూర్యుడు కనిపించడం లేదు. కాలవనీ గట్టునీ మంచు కప్పేసింది. కొబ్బరిచెట్లకు మొదళ్ళే ఉన్నాయి, తలలు లేవు.

"నడవరా దొరబాబూ! ట్యూషన్ మొదలైపోయి ఉంటుంది," అంది యామిని.

యామిని ఏడో తరగతి. దొరబాబు దాని తమ్ముడు, ఒకటో తరగతి. వాళ్ళ అమ్మానాన్నలు కువైట్‌లో పనికి వెళ్ళారు. మామ్మ బుజ్జమ్మ పొద్దున్నే కొబ్బరికాయలు ఒలిచే పనికి పోతుంది. అందుకే యామిని ఎక్కడికెళ్ళినా తమ్ముణ్ణి వెంటపెట్టుకోవాలి.

ఆ పొద్దున వాడి చెవులకు మఫ్లరు చుడుతూ మామ్మ ఎప్పటి మాటే చెప్పింది.

"మంచులో ఎవరైనా ఒక్కసారి పిలిస్తే పలక్కండర్రా. మనిషైతే మళ్ళీ పిలుస్తాడు. మనిషి కానిది ఒక్కసారే పిలుస్తుంది."

యామిని నవ్వింది. దొరబాబు నవ్వలేదు.

కాలవ మీద వంతెన అంటే రెండు తాటి దుంగలు, పట్టుకోవడానికి ఒక వెదురు కర్ర. రోడ్డు వంతెన ఇంకోటి ఉంది గాని, అది చాలా చుట్టు. దొరబాబు అక్కడ ఆగిపోయాడు.

"ఇది కదులుతుందక్కా."

"కదల్దు. రా."

"కింద నీళ్ళు కనపడట్లేదు. అవతల గట్టూ కనపడట్లేదు."

"అబ్బా, నీతో పెద్ద పేచీరా బాబూ! సరే, ఈ కొబ్బరికాయల రాశి దగ్గర కూర్చో. నేను వచ్చేదాకా కదలవు కదా? బుద్ధిమంతుడివి కదా?"

దొరబాబు ఏదో అనబోయాడు. యామిని అప్పటికే వంతెన మధ్యలో ఉంది.

యామిని ఎప్పుడూ అంతే. అడగడమూ తనే, జవాబు చెప్పుకోవడమూ తనే. "నీ పెన్సిలు ఇస్తావు కదా?" అని అడిగేసరికే ఆ పెన్సిలు దాని చేతిలో ఉంటుంది.

నతానియేలు మాస్టారి వరండాలో పిల్లలు చాపల మీద కూర్చున్నారు. బోర్డు మీద 'క్వశ్చన్ ట్యాగ్స్' అని రాసి ఉంది, అంటే మాట చివర తగిలించే ప్రశ్న తోకలు.

"రామ్మా యామినీ, నువ్వే చెప్పు. భవాని ఈజ్ సింగింగ్. తోక తగిలించు," అన్నారు మాస్టారు.

"ఈజింట్ ఇట్ అండి."

ముందు చాప మీది భవాని చివాల్న తిరిగింది. "నేను 'ఇట్' ఎలా అయ్యేనే? నేనేమన్నా మీ గేదెనా?"

అందరూ గొల్లున నవ్వారు. మాస్టారు కూడా నవ్వు ఆపుకున్నారు.

"తల చూడకుండా తోక తగిలించేసేవమ్మా. ముందు 'ఈజ్' ఉంది, కాబట్టి తోకలో 'ఈజింట్'. భవాని ఆడపిల్ల, కాబట్టి 'షీ'. ఈజింట్ షీ? ముందు మాట అవునంటే తోక కాదనాలి. ముందు మాట కాదంటే తోక అవుననాలి. తెలిసిందా?"

"ఆయ్."

"అయితే ఇది చెప్పు. యు విల్ వెయిట్ హియర్."

యామిని ఆలోచించింది. ముందు 'విల్' ఉంది. 'యు' ఉంది. "వోంట్ యూ అండి?"

"భేష్! మరి జవాబేంటి?"

"ఎస్ అండి."

"ఎవరు చెప్పేరు?"

యామిని దిక్కులు చూసింది.

"అడిగిందీ నువ్వే, చెప్పిందీ నువ్వేనాయె! తోక పెట్టేది ఎందుకమ్మా? ఎదుటి మనిషి నోరు తెరవడానికి. అడిగేక ఆగాలి. వాళ్ళు అవునూ అనొచ్చు, కాదూ అనొచ్చు."

యామిని చటుక్కున లేచి నిలబడింది. వంతెన దగ్గర తమ్ముడు ఏమన్నాడు? ఏమీ అనలేదు. తను అననివ్వలేదు.

"మా తమ్ముడండి! కాలవ గట్టున..." అంటూ మెట్లు దిగి పరుగెత్తింది.

మంచు ఇందాకటికంటే చిక్కబడింది. వంతెన మీద తన పాదాలు తనకే కనిపించలేదు. అవతల గట్టెక్కి చూస్తే కాయల రాశి ఉంది. తమ్ముడు లేడు.

"దొరబాబూ!"

యామిని కొబ్బరితోటలోకి పరుగెత్తింది. ఆకుల మీంచి మంచునీళ్ళు టప్ టప్‌మని పడుతున్నాయి. వెనక ఎవరో నడుస్తున్నట్టే ఉంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

"దొరబాబూ!"

ఆ కేక అవతలి గట్టుకు తగిలి తిరిగొచ్చింది. తిరిగొచ్చిన గొంతు తనది కానట్టు సన్నగా, వంకరగా ఉంది. యామిని పశువుల పాక వైపు పరుగెత్తింది. అక్కడా ఒక కేక పెట్టింది. పాకలో గేదెలు మేత మానేసి, అన్నీ ఒకేసారి కాలవ వైపు తల తిప్పాయి.

యామిని కూడా అటు నడిచింది. నీటి అంచున, బురదలో, దొరబాబు చెప్పు ఒకటి కూరుకుపోయి ఉంది. ఒక్కటే.

ఎక్కడో నీళ్ళలో బుడుంగుమంది. కొబ్బరికాయ రాలిందో, మరేదో.

యామిని మళ్ళీ పరుగెత్తబోయి ఆగింది. ఎటని పరుగెత్తడం? ఇందాకటి నుంచీ తను చేస్తున్నదేమిటి? ఒక కేక వేయడం, జవాబు రాకముందే ఇంకోచోటికి ఉరకడం. మంచులో కూర్చున్న పసివాడికి అది ఎలా వినబడుతుంది? ఒక్కసారి తోటలోంచి. ఒక్కసారి పాక దగ్గర్నుంచి. ఎప్పుడూ ఒక్కసారే.

మామ్మ మాట అప్పుడు తగిలింది దానికి.

యామిని కదలకుండా నిలబడింది. "దొరబాబూ," అని పిలిచింది. ఆగింది. ఊపిరి బిగబట్టి వింది. నీళ్ళ చప్పుడు, ఆకుల చప్పుడు. పరుగెత్తాలని ఒళ్ళంతా లాగుతోంది. అయినా కదల్లేదు.

అక్కడి నుంచే, అదే గొంతుతో మళ్ళీ పిలిచింది. "దొరబాబూ!"

ఈసారీ అక్కడే నిలబడింది.

తర్వాత, గట్టు మీద బోర్లించిన పాత పడవ కింద నుంచి చిన్న గొంతు వచ్చింది.

"ఆయ్."

యామిని బురదలో మోకాళ్ళ మీద పడి, చెయ్యి పెట్టి, వాణ్ణి బయటికి లాగి గుండెకు హత్తుకుంది. వాడి ఒళ్ళు మంచుగడ్డలా ఉంది.

"ఎందుకు పలకలేదురా?"

"ఒక్కొక్కసారే పిలిచేవు. మనిషి కాదనుకున్నా."

"మరి పడవ కింద ఎందుకు దూరేవు?"

దొరబాబు గొంతు తగ్గించాడు. "అమ్మ పిలిచిందక్కా. కాలవలోంచి. నేను అక్కడిదాకా వెళ్ళా. చెప్పు ఊడిపోయింది. మళ్ళీ పిలుస్తుందేమోనని నించున్నా. పిలవలేదు. భయమేసి దాక్కున్నా."

'నువ్వు కల కన్నావు కదా' అనబోయింది యామిని. అనలేదు. ఈ రెండు పిలుపులకు ముందు తను నీటి అంచున ఒక్కసారి కూడా పిలవలేదు. నీళ్ళ మీద మంచు మెల్లగా తిరుగుతోంది. నడుమ ఒక్కచోట మాత్రం కదలడం లేదు.

"యామినీ!" అని అవతల గట్టు నుంచి ఒక మగ గొంతు.

అక్కాతమ్ముళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నోరు మెదపలేదు.

"యామినీ! దొరికేడా అమ్మా?" ఈసారి మాస్టారి గొంతని తెలిసింది.

"ఆయ్!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

సాయంత్రం సంగతంతా విని మామ్మ తిట్టలేదు. గుప్పెడు ఉప్పు వాడి చుట్టూ తిప్పి కాలవలో పోసి వచ్చింది. ఆదివారం అమ్మ పక్కింటికి ఫోన్ చేసింది. చల్లగానే ఉన్నానంది. కాలవ మాట ఆమెతో ఎవరూ అనలేదు.

మర్నాడు పొద్దున్నా అంతే మంచు. వంతెన దగ్గర యామిని సంచీ భుజాన సర్దుకుని తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"నా చెయ్యి పట్టుకుని వంతెన దాటుతావు కదా?" అని అడిగింది. అడిగి ఆగింది.

దొరబాబు దుంగల వైపు చూశాడు. నీళ్ళ వైపు చూశాడు. అవతలి వరండాలో పిల్లలు పాఠం వల్లించడం వినబడుతోంది. యామిని వాడి ముఖమే చూస్తూ కూర్చుంది.

"దాటను," అన్నాడు చివరికి.

"సరే," అంది యామిని. వాడి చెయ్యి పట్టుకుని, రోడ్డు వంతెన మీదుగా వెళ్ళే చుట్టుదారి పట్టింది.

— వీరాయమ్మ, డెబ్బై రెండేళ్ళు. ఇప్పుడు మలికిపురంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను.