మోరి మలుపు ఎర్ర దీపం

పరకాల తొవ్వలో రేగులమోరి మలుపంటే ఇప్పుడు ఎవరికైనా గుండె జారుతుంది. చీకటి పడితే చాలు – తుమ్మచెట్టు మీద ఎర్రటి కన్నొకటి తెరుచుకుంటుందట. మూసుకుంటుందట... మళ్లీ తెరుచుకుంటుందట.

భానుచందర్ దెయ్యమై తిరుగుతున్నాడని ఊరంతా అంటారు. పోయిన వానాకాలం ఆ మలుపులో ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని మోటర్ సైకిల్‌తో వెనక నుంచి గుద్ది, అక్కడికక్కడే పోయాడతను. ట్రాలీకి ఎర్రలైటు వెలుగుతున్నా కనపడలేదంటే తాగి నడిపాడనే కదా! జనం అట్లాగే తేల్చేశారు.

ఆ ట్రాలీ రాయమల్లుది. లైటు వెలుగుతోందని చెప్పిందీ రాయమల్లే.

నిజానికి ప్రమాదం రోజు సాయంత్రం ట్రాక్టర్ అక్కడే చెడిపోతే, దొంగలు ఎత్తుకుపోతారని బ్యాటరీ విప్పి ఇంటికి మోసుకొచ్చాడు. బ్యాటరీ లేని ట్రాక్టర్‌కు లైటెక్కడిది? ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అనుకున్నాడు. పొద్దున పోలీసులతో మాత్రం, "లైటు ఏసే పోయిన సారూ, యాక్సిడెంట్ అయినంక ఎవడో బ్యాటరీ ఎత్కపోయిండు" అన్నాడు. ఆ బ్యాటరీ ఇప్పటికీ అతని కొట్టంలో, గడ్డి కింద ఉంది.

అప్పటి నుంచి అతను ఆ మలుపు మొహం చూడలేదు. వరంగల్ నుంచి వచ్చినా వాగు దారిన చుట్టు తిరిగి వచ్చేవాడు. ఒక రాత్రి వాగు పొంగింది... బండిని ఇటే తిప్పక తప్పలేదు.

ఎంతో దూరం నుంచే కనిపించింది.

ఎర్రగా... తెరుచుకుంటూ... మూసుకుంటూ...

"తప్పైంది రా భానూ... ఇడిసిపెట్టు రా..." గొణుగుతూనే దగ్గరికొచ్చాడు. చెట్టు కింద తెల్లటిదేదో వంగి ఉంది. అది లేచి నిలబడింది. అతను బండి ఆపేశాడు.

"ఎవలూ?" – ఆడగొంతు.

తలమీద కప్పుకున్న యూరియా సంచి పక్కకు తీసింది. వినోద! భానుచందర్ భార్య.

"చెల్లె... గీ చీకట్ల... గిదేంది?"

కొమ్మకు మోటర్ సైకిల్ వెనక లైటు వేలాడుతోంది. కింద ప్లాస్టిక్ కవర్లో చిన్న బ్యాటరీ. గాలికి ఆకులు అడ్డం వచ్చినప్పుడల్లా దీపం మూసుకుంటోంది.

"ఆయన బండిదే అన్నా. బండి తుక్కైంది గని బ్యాటరీ మంచిగనే ఉన్నది. ముందుగాల లారీ బల్బు పెడితే మసక మసకగ ఎలిగింది. లారీలయి ఇర్వై నాలుగు వోల్టులయట, దీనిది పన్నెండేనని మెకానిక్ చెప్పిండు. గందుకే బండి బల్బే పెట్టిన. పొద్దంత ఇంట్ల చార్జింగ్ పెడ్త, మాపటికి ఈడ కడ్త."

"ఎందుకు చెల్లె?"

"మలుపుల లైటు కనవడ్తదా లేదా... సూద్దామని." ఆమె గొంతు తగ్గింది. "కట్టినంక రోజూ గా కల్లు దుకాణం దాక పోయి ఎనక్కి సూస్త. రోజూ కనవడ్తాంది. ట్రాక్టర్ బ్యాటరీ గూడ పన్నెండు వోల్టులేనట గద? ఇంజన్ లేపాలె గాబట్టి పెద్దగుంటదట, గంతే. గింత చిన్నది రాత్రంత ఎలుగుతాంటే... మీ గంత పెద్ద బ్యాటరీ లైటు ఆయనకెందుకు కనవడలేదన్నా?"

రాయమల్లు బండి దిగాడు.

"లైటు లేకుండె, చెల్లె."

ఆమె రెండడుగులు అతని దగ్గరికి వేసింది.

"బ్యాటరీ నేనే ఇప్పుకపోయిన... మా కొట్టంల ఉన్నది."

తిడుతుందనుకున్నాడు. మీద పడి కొడుతుందనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

"అయితే... ఆయన తాగలే," అంది మెల్లగా.

"తాగి గుద్దలే. లైటు లేకనే గుద్దిండు."

"గా మాట నాకు గాదు. కొడుకు తాగి సచ్చిండని మా అత్తమ్మ నలుగుట్ల తలెత్తుతలేదు. ముందు ఆమెకు చెప్పు. తెల్లారినంక ఠాణాల చెప్పు. నడువు."

ఆమె ముందు నడిచింది. రాయమల్లు బండి తోసుకుంటూ వెనక నడిచాడు. ఊరు వచ్చేదాకా ఆమె ఒక్కసారీ తిరిగి చూడలేదు.

వినోద ఇంటి గడప ముందు రాయమల్లు చెప్పులు విడిచాడు. లోపల భాను తల్లి దగ్గు వినిపిస్తోంది.  గడప బయటి నుంచే పిలిచాడు –

"పెద్దమ్మా... జర బయటికి రా."