పక్కపాట

వెన్నెలపాడులో ఎవరూ నడవరు, గెంతుతారు. చంద్రుడి మీద కట్టిన ఊరు కదా, అక్కడ మనిషి బరువు ఆరో వంతే. టిఫిన్‌కు బయల్దేరినవాళ్ళు నాలుగు గెంతుల్లో క్యాంటీన్ చేరుకుంటారు. 2094 నాటికి ఊరి జనానికి ఇదంతా అలవాటైపోయింది. అలవాటు కానిది ఒక్క డాన్సే.

ఎందుకంటారా? భూమ్మీద ఎంత ఎగిరినా అర సెకనులో కాలు నేలకు తగులుతుంది. పడుచువాళ్ళూ ముసలివాళ్ళూ దాదాపు ఒక్కసారే దిగుతారు కాబట్టి ఒకే దరువు అందరికీ సరిపోతుంది. చంద్రుడి మీద అదే ఊపుతో లేస్తే మూడు సెకన్లు గాల్లోనే ఉంటారు. కండబలం ఉన్నవాడు నాలుగు సెకన్లకు దిగితే, మోకాళ్ళ నొప్పులావిడ ఒకటిన్నరకే దిగిపోతుంది. ఇక దరువు ఎవరి కోసం వెయ్యాలి?

ఈ చిక్కు తెలియకుండానే విజయనగరం నుంచి డీజే పైడితల్లి వచ్చేసింది. పాటకు పాట అతికిస్తూ, ఆ అతుకుల మీద తనే గొంతెత్తి పాడే డీజే ఆమె. పన్నెండు పాటల్ని ఎక్కడా తెగకుండా కలిపి నలభై నిమిషాల ఆల్బమ్ చేసి, చంద్రుడి మీదే విడుదల చేస్తానని పట్టుబట్టింది. మొదటి ప్రదర్శనలో వెల్డర్ లోవరాజు మోకాలు గాల్లో ఒకాయన దవడకు తగిలి రెండు పళ్ళు కదిలాయి. రెండోసారి సగంమంది గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఊరి కమిటీ పెద్ద సరోజ గారు వృక్షశాస్త్రవేత్త. అరవయ్యెనిమిదేళ్ళు, ముక్కుసూటి మనిషి. "ఇంకొక్కసారి చూస్తానమ్మా. అప్పటికీ జనం ఆడకపోతే ఈ హాల్లో పాలకూర మళ్ళు వేయిస్తాను. నువ్వు తిరుగు ఓడ ఎక్కెయ్యి" అని చెప్పేసింది. పైడితల్లి ఆ పూట అన్నం తినలేదు. ఇరవై ఏళ్ళుగా పాడుతున్న గొంతు పాలకూర ముందు ఓడిపోవడం ఆమెకు నిజంగా ఏడుపు తెప్పించింది.

అప్పుడొచ్చాడు ధ్వని శాస్త్రవేత్త డాక్టర్ నాగూర్‌వలి. అరచేతిలో రెండు చిన్న బిళ్ళలు చూపించాడు.

"ఇది బూటులో పెట్టుకునే అడుగుబిళ్ళ. ఇది చెవిబిళ్ళ. నువ్వు లేచిన ఊపును బట్టి ఎప్పుడు దిగుతావో అడుగుబిళ్ళ లెక్కగడుతుంది. దిగే క్షణానికి సరిగ్గా దరువు పడేట్టు పాటను సాగదీసో, కుదించో చెవిలో వినిపిస్తుంది. రెండొందల మందికి రెండొందల మిక్స్‌లు. వీటన్నిటినీ నడిపే కంప్యూటర్ పేరు మేళగాడు."

"నా గొంతుని సాగదీస్తారేటి సారూ?"

"శ్రుతి మారదులేమ్మా. పాట నీదే, తాళం వాళ్ళది."

"మరి నాను?"

"నువ్వూ ఒక బిళ్ళ పెట్టుకో. వేదిక మీద తప్పటడుగు పడకూడదు గదా."

చేతులు పట్టుకుని ఆడే జంటలు ఒకే తాళం వినాలి కాబట్టి, నాగూర్‌వలి చెవిబిళ్ళ మీద చిన్న మీట కూడా పెట్టాడు. దాన్ని నొక్కితే పక్కనున్నవాళ్ళ మిక్స్ వినిపిస్తుంది. దానికి పక్కపాట అని పేరు పెట్టి, పదిమందో పన్నెండుమందో వాడతారని అంచనా వేసుకున్నాడు.

మూడో ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. పైడితల్లి బరువు బూట్లు తొడుక్కుని, నేల వదలకుండా కాలితో తాళం వేస్తూ పాట అందుకుంది. మొదటి పాట అద్భుతంగా నడిచింది. ప్రతి మనిషీ తన దరువు మీదే దిగాడు. అయినా పైడితల్లి ముఖం చిన్నబోయింది. పాట మధ్యలో మైకు పక్కకు తిప్పి, వేదిక వెనక మేళగాడి దగ్గరున్న నాగూర్‌వలితో అంది.

"ఏటి సారూ ఇది? ఇంతమంది ఉన్నారు గానీ ఒకల మొకం ఒకలు సూడ్డం లేదు. ఎవల గదిలో ఆళ్ళు గెంతుతున్నట్టున్నాది."

నాగూర్‌వలి జవాబు చెప్పేలోగా మేళగాడు పలికింది.

"నాగూర్ గారూ, పక్కపాట నొక్కినవారు నలభై ఒక్కరు."

"జంటలయ్యుంటారులే."

"కారు. సరోజ గారు వెల్డర్ లోవరాజు పాట అడిగారు. లోవరాజు నర్సు గారి పాట అడిగారు. ఆవిడ ఇంకొకరిది అడిగారు."

నాగూర్‌వలి హాల్లోకి తొంగిచూశాడు. జనం ఇప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలెట్టారు. పక్కవాడు కళ్ళు మూసుకుని నవ్వితే చాలు, వాడి చెవిలో ఏదో గొప్పది మోగుతోందని చెయ్యి మీట మీదికి పోతోంది. నాలుగో పాటకు నూట ముప్పై. ఆరో పాటకు హాలు హాలంతా.

"ఇప్పుడొక ఇబ్బంది" అంది మేళగాడు. "అందరూ పక్కవారిదే అడుగుతున్నారు. పక్కవారు ఆ పక్కవారిది వింటున్నారు. తన పాట తాను వింటున్న మనిషి కోసం వెతికాను. ఒక్కరే దొరికారు."

"ఎవరు?"

"పైడితల్లి గారు. అందరికీ ఆవిడదే ఇచ్చాను."

నాగూర్‌వలికి చెమటలు పట్టాయి. మళ్ళీ ఒకే దరువు, ఈసారి పళ్ళు రాలతాయి. కానీ పైడితల్లి కళ్ళు ముందు వరసలోని సరోజ గారి మోకాళ్ళ మీద ఉన్నాయి. ఆవిడ దిగినప్పుడల్లా పైడితల్లి కాలితో నేల తడుతోంది, ఆమె అడుగుబిళ్ళ ఆ తాళానికే పాటను కుదురుస్తోంది. ఎత్తు ఎగిరేవాళ్ళు ఒకటి రెండుసార్లు తప్పారు, తరవాత ఊపు తగ్గించుకున్నారు. ఎనిమిదో పాటకు రెండొందల జతల బూట్లు ఒక్కసారే నేలను తాకాయి. హాలు అదిరింది. పైడితల్లి ఆపకుండా తొమ్మిదో పాట అందుకుంది.

ఆల్బమ్ అయిపోయాక సరోజ గారు ఆయాసపడుతూ వచ్చింది.

"పాలకూర ఇంకెక్కడైనా వేసుకుంటాం. హాలు నీదేనమ్మా. కానీ నాగూర్ గారూ, నాకిచ్చే ఆల్బమ్ కాపీలో లోవరాజు పాట ఉండాలి. నాదానికంటే అతనిదే బావుంది."

వెనకే లోవరాజు. "నాకు నర్సమ్మ గారిదివ్వండి సార్. దాని సంగతే వేరు."

అలా రెండొందల మందీ వరసకట్టారు. అందరూ విన్నది ఒక్కటే పాటని నాగూర్‌వలి మొదటి ఇద్దరికీ వివరంగా చెప్పాడు. వాళ్ళు విన్నారు, తలూపారు, "అయినా సరే మేం అడిగిందే ఇవ్వండి" అన్నారు. మూడో మనిషి నుంచి ఆయన చెప్పడం మానేశాడు. ఒకే పాటను రెండొందల కాపీలు తీసి, ఒక్కోదాని మీద అడిగినవాళ్ళ పక్కవాళ్ళ పేరు రాసి ఇచ్చాడు. అందరూ సంతోషంగా గెంతుకుంటూ ఇళ్ళకు పోయారు.

ఇదంతా పక్కనే నిలబడి చూసిన పైడితల్లి కడుపుబ్బ నవ్వింది. చివరికి నాగూర్‌వలి ఇంకో కాపీ తీసి, దాని మీద ఆమె పేరే రాసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని తిప్పి చూసుకుంది. తలుపు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది.

"నిజం సెప్పండి సారూ, నానేటీ అనుకోను. సరోజమ్మ గారికి ఇచ్చినదాన్లో నా గొంతు దీనికంటే బాగున్నాదా?"